మొగం చూసి రాయొద్దన్న మనిషి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నేను పనిచేసే బడి గేటు దగ్గర ఒకాయన నా కోసం నిలబడి ఉన్నాడు. భుజం మీద నల్ల కంబళి, చంకలో కర్ర. హిందూపురం సంతకు గొర్రెలు తోలుకొచ్చిన మనిషని చూడగానే తెలుస్తోంది. ధర్మవరం మగ్గాల వీధి పాపవు నువ్వేనా అని అడిగాడు. తల ఊపాను. కంబళి మడతలోంచి గుండ్రటి రేకు డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"మా మేనత్త కూతురిది. నేను పోతే ఇది పాపకియ్యండి అని చెప్పిండె. పోయి ఇరవై దినాలాయ."

ఆ డబ్బా నాకు తెలుసు. పాత సిగరెట్టు డబ్బా. మూత మీద ఇంగ్లీషు అక్షరాలు సగం తుప్పు తిన్నాయి. తెరిచి చూస్తే అడుగున ఇంకా కొంచెం బూడిద ఉంది, గుడ్డలో వేసి జల్లించిన మెత్తటి బూడిద.

ఆమెను ఎక్కడ పెట్టారని అడిగాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. పెనుకొండ సంతలో ఉన్ని అమ్మడానికి పోయి ఎండకు పడిపోయిందట. చుట్టూ చేరినవాళ్ళు ముఖం చూసి, పాదిరిగారి వాళ్ళ మనిషి అనుకొని, చర్చికి మోసుకుపోయారట. ఆ వరండాలోనే ప్రాణం పోయింది. పల్లెకు కబురు తెలిసేసరికి రెండు రోజులు. అప్పటికే చర్చి తోటలో పూడ్చి, రెండు కట్టెలు అడ్డంగా కట్టి నాటారు.

"వాళ్ళమ్మ పక్కన పండుకోవల్లని ఆయమ్మకు ఆశ. కాకపాయ," అన్నాడు. నన్ను ఇంకేమీ అడగలేదు. అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కర్ర తీసుకుని సంత వైపు వెళ్ళిపోయాడు.

ఆమెకు నేను రెండు అన్యాయాలు చేశాను. ఒకటి ఆమె అడగకపోయినా చేసింది. రెండోది ఆమె అడిగినా చేయనిది. రెండూ కాగితాలకు సంబంధించినవే. రెండో తరగతి పిల్లల ముందు తప్ప నాకు గొంతు పెగలదు. మనుషులతో మాట్లాడలేక కాగితం మీద బతికేదాన్ని కాబట్టి ఇలా జరిగిందని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. అది సంజాయిషీ కాదని కూడా తెలుసు.

ఆమె గురించి చెప్పాలంటే అందరూ ముఖంతో మొదలుపెడతారు. నా పాత డైరీల్లో నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒంటి రంగుకు ఒక పేజీ, కళ్ళకు రెండు పేజీలు. ఇప్పుడు చేతులతో మొదలుపెడతాను.

ధర్మవరంలో మా ఇంట్లో రెండు మగ్గాలు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, పాత పోగుల కొసలు అలాగే ఉంచి, కొత్త పడుగులోని పోగులను ఒక్కొక్కటిగా తెచ్చి ఒక్కొక్క కొసకు అతకాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. పట్టుదారం జారుతుంది కాబట్టి వేళ్ళకు బూడిద రాసుకుంటారు. ఇంటి ఆడవాళ్ళం కూర్చుంటే రెండు రోజుల పని. ఆమె పొద్దున్నే కూర్చుంటే పొద్దు గూకకముందే లేచేది. ముడి వేయదు. రెండు కొసలూ కలిపి బొటనవేలితో ఒక్క తోపు తోస్తే అవి ఒకదాన్నొకటి చుట్టుకునేవి. ఆ సిగరెట్టు డబ్బా ఎప్పుడూ మోకాలి పక్కనే. చూడకుండానే వేళ్ళు అందులో ముంచి తీసేది. ఆ వేళ్ళ చివర్లు ఏ కాలమైనా బూడిద రంగులోనే ఉండేవి, పెళ్ళికి వచ్చినా, తేరుకు వచ్చినా.

నేను పుస్తకం పట్టుకుని పక్కన చేరి, అతికిన పోగును మెల్లగా లాగి చూసేదాన్ని. "లాగు పాపా, ఇంగా లాగు. తెగితే రేపట్నుంచి ఈ బూడిద నీకి, నీ పుస్తకం నాకి," అనేది. ఎన్నడూ తెగలేదు. ఆమె చదువుకోలేదు. నా పుస్తకం మాత్రం తిరగేసి వాసన చూసి ఇచ్చేది. కొత్తదైతే ముక్కు ఎగబీల్చి, పాతదైతే తుమ్మి.

మా అమ్మ ఆమెను అక్కా అనేది. నాకు పెద్దమ్మ. వరసలైతే కలిశాయి కానీ, మా ఇంట్లో ఆమె కాఫీ తాగే ఇత్తడి గ్లాసు వేరు. దాన్ని వసారాలో గూట్లో బోర్లించేవాళ్ళు. ఆమె వచ్చి తనే తీసుకునేది, తనే కడిగి బోర్లించేది. అందులో తప్పేమీ ఉన్నట్టు ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

వాళ్ళమ్మ రామగిరి బంగారు గనిలో రాళ్ళ గంప మోసేదట. పుట్టిల్లు పెనుకొండకు రెండు మైళ్ళ దూరంలో ఒక పల్లె, గొర్రెలు కాచుకునే కుటుంబం. గని చూసే దొరల్లో ఒకాయన వల్ల ఈమె పుట్టింది. గని మూతపడి దొర వెళ్ళిపోయాక తల్లి ఈ బిడ్డను, ఆ డబ్బాను పట్టుకుని ధర్మవరం వచ్చి, పట్టు చుట్టే పనిలో కుదురుకుంది. చివరి రోజుల్లో పుట్టింటికి పోయి అక్కడే కన్నుమూసింది. పుట్టింటివాళ్ళు ఆమెను ఒప్పుకుని తమవాళ్ళ పక్కనే పెట్టారు. ఇదంతా వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. తెలిసినా తెలియనట్టు ఉండటమే మా వీధి ఆమెకిచ్చిన చోటు. ఆ చోటు ఎంత పల్చటిదో నాకు అప్పుడు తెలియదు.

పైకి అనేది ఒక్క మాటే, దొరసాని. పిల్లలు అనేవాళ్ళు, కొట్టుకాడి మగవాళ్ళు అనేవాళ్ళు. ఎవరైనా అలా పిలిస్తే ఆమె టక్కున ఆగి వెనక్కి తిరిగి చూసేది. వీధి ఆ చివరి దాకా కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికేది. "యాడప్పా దొరసాని? నాకి కనపడలేదే. గుర్రం బండిలో వస్తాండాదా?" అనేది. పిలిచినవాడికి నవ్వాలో సిగ్గుపడాలో తెలిసేది కాదు. రోజుకు నాలుగుసార్లు పిలిచినా నాలుగుసార్లూ వెనక్కి తిరిగి చూసేది. ఒక్కసారి కూడా ఆ పేరుకు పలకలేదు.

అరవై ఒకటిలో జనాభా లెక్కలు రాయడానికి మా వీధికి ఒక బడి అయివారు వచ్చారు. ఆ రోజు ఆమె మా అరుగు మీద కూర్చుని పోగుల చిక్కు తీస్తోంది. నేను ఎస్సెల్సీ గట్టెక్కి ఇంట్లో ఉంటున్నాను. అయివారు ఎదురింటి వివరాలు ముగించి ఇటు తిరిగి, ఆమెను ఒక చూపు చూసి, పేరు, వయసు మాత్రం అడిగి, గబగబ రాసుకుంటూ పోయారు.

"పాపా, అయివారు ఏం రాసినాడో చదువు," అన్నది ఆమె.

నేను వంగి చూసి గొణిగాను. మతం క్రిస్టియన్ అని, మాతృభాష ఇంగ్లీషు అని ఉంది.

"కొట్టేయండి అయివారూ."

"ఎందుకమ్మా, ఉన్నదే గదా రాసినా."

"ఉన్నెది అడిగితే గదా తెలిసేది. మొగం చూసి రాయొద్దు. నేను చెప్పేది రాయండి. భాష తెలుగు. మాయమ్మ నాకి ఇంగిలీసులో జోల పాడలేదు. దేవుడంటారా, మాయమ్మ మొక్కిన దేవరే."

వీధి అరుగుల మీద నవ్వులు. అయివారు మంచాయన, ముఖం ఎర్రబడినా కొట్టేసి రాశారు. పోతూ పోతూ, పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి ఉండబట్టలేక అడిగారు, మీ నాయన పేరేమి అని.

"తెలుసు. రాయొద్దు," అన్నది ఆమె, చిక్కు మీదనుంచి తల ఎత్తకుండా.

ఆ సాయంత్రం డైరీలో ఆ మాటలన్నీ రాసుకుని కింద రెండు గీతలు గీశాను. ఎంత గొప్ప మనిషి అని రాశాను. రాశాను గాని వినలేదు. ఎందుకంటే ఆ గీతల కిందే, అదే సాయంత్రం, ఆ దొర ఎలాంటివాడై ఉంటాడు, ఏ ఊరివాడు, అతని ఇంటి ముందు మంచు కురుస్తుందా, అతనికి ఒక కూతురు ఉన్నట్టు అక్కడ ఎవరికైనా తెలుసా అని రెండు పేజీలు నింపాను. బడి లైబ్రరీలోని ఇంగ్లీషు నవలలు అన్నీ అప్పటికి చదివేశాను. వాటిలో తప్పిపోయిన పిల్లలు చివరి అధ్యాయంలో తమ వాళ్ళను చేరుకుంటారు. మా వీధిలో అలాంటి మనిషి ఒకరు ఉండటం, ఆమె వేళ్ళు మా ఇంటి బూడిదలో ఉండటం నాకు భరించలేనంత కథలా తోచింది. ఆమెను ఎవరైనా వచ్చి తీసుకుపోవాలి అనుకున్నాను. ఆమె ఎక్కడికైనా పోవాలని అనుకుంటోందా అని మాత్రం అడగలేదు. పక్కనే కూర్చునేదాన్ని. అడగడానికి ఒక వాక్యం చాలు.

స్టేషను పక్క రైల్వే క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం ఉండేది. అతని భార్యను ప్లాట్‌ఫారం మీద చూసేదాన్ని, పూల గౌను, చేతిలో అల్లిన సంచి. ఆవిడకు నేను ఇంగ్లీషులో ఒక జాబు రాశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు సార్లు తిరగరాశాను. మీ మనిషి ఒకరు మా వీధిలో ఉన్నారు, మాసిన చీరలో కూలి చేసుకుంటున్నారు, ఆమెకు ఎవరూ లేరు, దయచేసి వచ్చి చూడండి అని. కింద పేరు రాయలేదు. నా చేతిరాతంటే నాకే ముచ్చట ఆ రోజుల్లో. జాబు టపా డబ్బాలో పడిన చప్పుడు విని చాలా మంచి పని చేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

పది రోజులకు జట్కా వచ్చింది. డ్రైవరు భార్య, ఇంకొకావిడ దిగారు. అంత ఎండలో చెమటలు కారుతూ, పిండివంటల డబ్బా, ఒక కొత్త గౌను గుడ్డ పట్టుకుని, ఏ ఇల్లో అడుగుతూ మా ఇంటికే వచ్చారు, పెద్దమ్మ ఆ రోజు మా మగ్గం దగ్గరే ఉందని ఎవరో చెప్పినట్టున్నారు. ఆమె బయటికి రాగానే డ్రైవరు భార్య కన్నీళ్ళతో గట్టిగా కావలించుకుంది. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. నేను తలుపు వెనక ఉన్నాను.

నేను ఇంగ్లీషు వింటాననుకున్నాను. ఆవిడ మా తెలుగే మాట్లాడింది.

"ఈడ ఏం చేస్తాండావమ్మా వీళ్ళ మధ్య? మాతో రా. కాయితాలు పుట్టించేది మా ఆయన చూసుకుంటాడు. ఆయా పని ఇప్పిస్తాడు, ఉండేకి గది ఇస్తారు."

"నాకి పని ఉండాది తల్లీ," అన్నది పెద్దమ్మ. చేతులకు బూడిద అంటి ఉండటంతో వాటిని ఆవిడ గౌనుకు తగలకుండా ఎడంగా పట్టుకుని నిలబడింది.

ఆవిడ గొంతు తగ్గించింది. తలుపు వెనక నాకు మాత్రం వినిపించింది. "చూడు. మా అవ్వ గూడా తెలుగామెనే. దాన్ని ఎత్తుకొని తిరుగుతామా మేము? మనట్లా వాళ్ళు ఏదో ఒక పక్క ఎంచుకోవల్ల గదా."

"ఎంచుకునేసినా తల్లీ, శానా కాలమాయ. మాయమ్మ రాళ్ళగంప మోసేది నాకి గుర్తుండాది. మా నాయన నన్ను ఎత్తుకున్నెది గుర్తు లేదు. ఇంగ దీంట్లో ఎంచేకి ఏముండాది?"

ఆవిడకు కోపం రాలేదు. చిన్నబోయింది అంతే. ఆవిడ నిజంగా మంచి మనసుతోనే వచ్చింది. పోయే ముందు సంచిలోంచి జాబు తీసి చూపించింది, నీ మంచి కోరే వాళ్ళు ఎవరో రాశారని చెప్పింది. పెద్దమ్మ ఆ జాబును వేళ్ళ చివర్లతో పట్టుకుంది. అక్షరం ముక్క రాని మనిషి దాన్ని చాలాసేపు చూసింది. ఆ వీధిలో ఇంగ్లీషు రాసే చెయ్యి ఒక్కటే ఉంది. బూడిద వేలిముద్రలు పడిన ఆ జాబును మళ్ళీ మడిచి ఆవిడకే ఇచ్చేసింది. తలుపు వైపు మాత్రం చూడలేదు.

జట్కా వెళ్ళాక వీధి ఎవరి పనిలో వారు పడ్డట్టే కనిపించింది. కానీ ఇన్నేళ్ళు ఎవరూ పైకి అనని మాట ఆ రోజు పట్టపగలు పూల గౌను వేసుకుని వచ్చి అరుగెక్కింది. ఇక తెలియనట్టు ఉండటం ఎవరికీ కుదరలేదు. అంతకన్నా పెద్ద నొప్పి ఇంకొకటి. ఆ జాబు ఆమే రాయించుకుందని అందరూ అనుకున్నారు. మా అవ్వ వంటింట్లో అన్నది, "ఇన్నేండ్లు మన ఉప్పు తిని, వాళ్ళకు జాబు రాయించుకొనిండాది సూడు. ఆశ ఉంటే చెప్పి పోవచ్చు గదా, మనమేమన్నా కట్టేసినామా?" అవ్వ కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను చెంబు కడుగుతున్నాను. కడిగిన చెంబునే మళ్ళీ కడిగాను. జాబు రాసింది నేను అనే మాట నా నోట్లోనే ఉంది. మూడు పదాలు. చెప్పి ఉంటే తిట్లు పడేవి, డైరీలు పొయ్యిలో పడేవి. ఆమెకు మాత్రం పని మిగిలేది.

ఎవరూ ఆమెను పొమ్మనలేదు. తరువాతి పడుగుకు ఆమె మామూలుగానే డబ్బా పట్టుకుని వచ్చింది. మా అమ్మ గడపలోనే నిలబడి, ఈసారి మేమే అతుక్కుంటాంలే అక్కా అన్నది, ఎటో చూస్తూ. పక్కింట్లోనూ అదే మాట, ఆ పక్కింట్లోనూ. పట్టుకు మడి అన్నారు ఒకరు, కోడలు నేర్చుకుంటోంది అన్నారు ఇంకొకరు. మా నాయన మాత్రం ఆ సాయంత్రం తెగిన పోగులు ముడివేస్తూ, ఆమె చెయ్యి వేరే అన్నాడు. మా ఇంట్లో మగవాళ్ళకూ మాటలు తక్కువే.

ఆ రోజుల్లోనే ఒకనాడు ఆమె మా ఇంటి ముందు నుంచి పోతోంది. కొట్టుకాడి నుంచి ఎవరో, "దొరసానీ" అని పిలిచారు. ఆమె ఆగింది. వెనక్కి తిరిగి చూస్తుందని నేను కిటికీ దగ్గర ఎదురుచూశాను.

"ఆఁ, ఏమప్పా?" అన్నది.

వెనక్కి తిరగలేదు. ఆ పేరుకు పలికింది. ఆ వేసవిలోనే ఇత్తడి గ్లాసు తీసుకుని ఊరు విడిచి పోయింది.

మూడేళ్ళ తరువాత నాకు హిందూపురంలో బడి ఉద్యోగం వచ్చింది. ఇంటికి పోయినప్పుడల్లా రైలు పెనుకొండలో ఆగేది. ఎన్నోసార్లు తల పక్కకు తిప్పుకున్నాను. ఒక ఆదివారం దిగేశాను. నిజం చెప్పి కాళ్ళ మీద పడాలని రైల్లో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. పల్లె వెతుక్కుంటూ పోతే, ముసలి మేనమామ ఇంటి పంచలో కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతూ కనిపించింది. కంబళ్ళు నేసేవాళ్ళకు ఉన్ని వడికి సంతలో అమ్మేదట. వేళ్ళు నల్లబడ్డాయి. డబ్బా పక్కనే ఉంది.

"వస్తావని తెలుసు పాపా. శానా దినాలకొస్తివి," అన్నది. జొన్నరొట్టె పెట్టింది. ఇత్తడి గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చింది. నేను ఆ గ్లాసుతో తాగడం అదే మొదటిసారి. ఇక్కడ బాగుందా అని అడిగాను. ఈ పల్లెలో కూడా దొరసానే అంటారని, అయితే గ్లాసు మాత్రం అందరి గ్లాసులతో కలిపి కడుగుతారని నవ్వుతూ చెప్పింది. మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఆమె వడుకుతూ ఉంది. కూర్చుకొచ్చిన వాక్యాల్లో ఒక్కటీ నేను చెప్పలేదు.

లేవబోతుంటే, సంచిలో కాయితం, కలం ఉండాదా అని అడిగింది. ఉంది. నాకు ఎప్పుడూ ఉంటాయి.

"నేను పోయినప్పుడు ఎవురో ఒకరు నా మొగం చూస్తారు పాపా. చూసి పాదిరోళ్ళకు అప్పజెప్తారు. నన్ను మాయమ్మ పక్కన పెట్టల్ల. మా మామ ఒప్పుకునిండాడు, ఏలిముద్ర ఏస్తాడు. ఈ కాయితం పెనుకొండలో కరణంగారికి నువ్వే చేతికియ్యి. నేనే తీసుకుపోతే ఆయన గూడా మొగం చూసి మాట్లాడతాడు. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట వింటాడు." కదురు ఆపి అన్నది. "ఈసారి నేను చెప్పేది రాయి."

ఈసారి అన్నది. నా చేతిలో కలం ఆగిపోయింది. ఆమె నా ముఖం చూడలేదు, చూస్తే నేను ఏడుస్తానని తెలిసి కాబోలు. మళ్ళీ కదురు తిప్పడం మొదలుపెట్టి, తల్లి ఇంటిపేరు చెప్పింది, తరువాత తన పేరు, ఫలానా ఆమె కూతురు అని. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. తండ్రి పేరు దగ్గర ఏం రాయమంటావని అడిగాను. "ఆ జాగా ఖాళీగా ఉండనీ," అన్నది. మేనమామ దీపం మసిలో బొటనవేలు అద్ది ముద్ర వేశాడు. ఆమె తన వేలు బూడిదలో ముంచబోయి, అది నిలవదని గుర్తొచ్చి, నవ్వి, తనూ మసిలోనే అద్దింది.

కరణంగారి ఇల్లు స్టేషనుకు పోయే దారిలోనే ఉంది. ఆ సాయంత్రం అరుగు మీద ఐదారుగురు మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఇంటి ముందు నుంచి ఒకసారి పోయాను. మళ్ళీ వెనక్కి వచ్చాను. ఎవరో, ఏం కావల్లమ్మా అని అడిగారు. ఏమీ లేదు, స్టేషను ఎటు అని అడిగాను. స్టేషను ఎదురుగా కనిపిస్తూనే ఉంది. వాళ్ళు నవ్వుకున్నారు. తరువాతి ఆదివారం ఇస్తాననుకున్నాను. టపాలో పంపవచ్చు కదా అని కూడా అనుకున్నాను. కానీ ముక్కూ ముఖం తెలియనివాళ్ళకు ఆమె గురించి ఒకసారి జాబు రాశాను. మళ్ళీ ఆ పనికి చెయ్యి రాలేదు. పైగా చేతికియ్యి అన్నది ఆమె. ఆ కాగితం నా డైరీలో రెండేళ్ళు ఉంది. నెలకు రెండుసార్లు రైల్లో ఆ డైరీతో పాటే పెనుకొండ దాటింది.

మొన్న ఆదివారం పోయాను. ముందు చర్చి తోటకు పోయాను. వేపచెట్టు వెనక మట్టి కుప్ప, రెండు కట్టెలు, కట్టిన తాడు ఇంకా కొత్తగానే ఉంది. పేరు లేదు, వాళ్ళకు తెలియదు కదా. చుట్టూ రాళ్ళు పేర్చి శ్రద్ధగానే చేశారు. కాపలా ఆయన వచ్చి మీకేమవుతాది అని అడిగాడు. మా పెద్దమ్మ అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. మట్టి కుప్ప వైపు చూశాడు. నమ్మలేదు.

అక్కడి నుంచి కరణంగారి ఇంటికి పోయాను. అరుగు మీద ఆయన ఒక్కరే ఉన్నారు. బాగా పెద్దాయన. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కాగితం ఇచ్చి, ఇది మీకు ఇమ్మని ఒకామె చెప్పింది, నేను ఆలస్యం చేశాను అన్నాను. ఆయన నిదానంగా మొత్తం చదివారు. రెండు వేలిముద్రలనూ వెలుతురుకు పట్టి చూశారు.

"ఎప్పుడు రాసిందమ్మా ఇది?"

"రెండేళ్ళయింది."

ఆయన కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తరువాత మెల్లగా, నన్ను తప్పు పట్టకుండా, జరిగింది చెప్పారు.

"ఆ పొద్దు పాదిరిగారు నా దగ్గరికి మనిషిని పంపించినారమ్మా. ఈమెకు ఎవురైనా ఉండారేమో చెప్పండి, ఉంటే పొద్దు గూకేవరకు పెట్టుకుంటాం, వచ్చి తీసుకుపోతారు అని. పల్లె రెండు మైళ్ళు. నాకు తెలీకపాయ. ఎవురూ లేరని చెప్పి పంపిస్తి."

ఎవరూ లేరు. ఆ మాట ఐదేళ్ళ కిందట ధర్మవరంలో నిఘంటువు పక్కన పెట్టుకుని మొదట రాసింది నేను.

కాగితం ఆయన దగ్గరే వదిలి స్టేషనుకు వచ్చాను. ఇవ్వడానికి, చెప్పడానికి, వినడానికి అన్నిటికీ కలిపి పట్టిన సేపు ఎంతో కాదు. నేను ఎక్కవలసిన రైలు ఇంకా రాలేదు.